ఎనిమిదో నీలం గుడ్డ

నోరు మూసుకుని ఉండటం నా వల్ల కాదు. ఈ సంగతి నేను చెప్పుకోనక్కర్లేదు, మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. అలాంటి నేను మొన్నామధ్య ఒక సాయంత్రం పావుగంట సేపు పెదవి విప్పకుండా నిలబడ్డాను. ఆ పావుగంట ఎలా గడిచిందో ఆ పైవాడికి తెలుసు, నాకు తెలుసు. అదెందుకో చెబుతాను, మధ్యలో అడ్డు తగలకుండా వినండి.

మాది కార్లు బాగుచేసే షెడ్డు. ముందు షెడ్డు, వెనక ఇల్లు, రెంటికీ మధ్య ఒక్క తలుపు. ఆ తలుపు మూసిన గుర్తు నాకు లేదు. వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి, కింద పడ్డ పానా చప్పుడుని బట్టి అది పెద్దదో చిన్నదో చెప్పగలను. షెడ్డు మా ఆయనది. ముప్ఫై ఏళ్ళ పైమాటే. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజన్ మీద, ఇంకో కొస చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, జబ్బు ఎక్కడుందో చెప్పేస్తాడు. అదే చెవికి, నేను పక్కన నిలబడి పిలిస్తే మాత్రం వినపడదు.

మాకు ఒక్కగానొక్క కొడుకు. వాడికి గ్రీజు వాసన పడదు, వరసపెట్టి తుమ్ములు. బేకరీలో పని చూసుకున్నాడు, రోజూ మధ్యాహ్నానికి మోచేతుల దాకా పిండితో ఇంటికొస్తాడు. ఇక ఈ షెడ్డు మా ఆయనతోనే సరి అనుకుంటూ ఉండగా కోడలు వచ్చింది. కాపురానికి వచ్చిన నాలుగో రోజు, మామగారికి టీ ఇవ్వడానికి షెడ్డులోకి వెళ్ళి, గ్లాసు చేతికందిస్తూ, బానెట్ ఎత్తి ఉన్న బండి వంక ఓ చూపు చూసి, ఆ బెల్టు పగుళ్ళిచ్చింది చూశారా మావయ్యా అని అడిగింది. ఆయన చూడలేదు. ఆయన బెల్టు చూస్తూ ఉండగానే టీ చల్లారిపోయింది.

వాళ్ళ నాన్న లారీ డ్రైవరు. ఆ పిల్ల పాకడం నేర్చుకున్నదే లారీ కింద అట. నేను కోరుకున్నది నా పక్కన కూర్చుని కబుర్లు చెప్పే కోడల్ని. నాకు దొరికింది బండి కింద దూరితే పాదాలు మాత్రమే కనపడే కోడలు. మొదట్లో నాకు ఒళ్ళు మండిన మాట నిజం. ఇప్పుడు ఆ పిల్లని ఎవరైనా ఒక్క మాటంటే వాళ్ళ అంతు చూస్తాను, అది వేరే సంగతి.

మూడున్నరేళ్ళు మామగారి పక్కన పని నేర్చుకుంది. ఆయన కూడా దాపరికం లేకుండా నేర్పాడు, అబద్ధమెందుకు. అయితే ఇంజన్ పని ఏదైనా మొదలు నించి చివరి దాకా దాని చేత ఒక్కసారీ చెయ్యనివ్వలేదు. సగంలో వచ్చి "ఇలా తే" అని పానా లాక్కునేవాడు. దానికి మిగిలేది ఆయిలు మార్చడం, పంక్చర్లు వెయ్యడం. వచ్చిన వాళ్ళు దాన్ని చూసి మెకానిక్ లేడా అమ్మా అని అడిగేవాళ్ళు. పోయిన నెలలో ఒకాయన, తన ఇంజన్ మీదికి అది వంగి ఉండటం చూసి, తర్వాత వస్తానని చెప్పి బండి తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు అది వంటింట్లోకి వచ్చి, నేను అడగకుండానే కత్తి తీసుకుని ఉల్లిపాయలు తరగడం మొదలెట్టింది. నాలుగు రోజులకి సరిపడా తరిగింది. కళ్ళు ఎర్రబడితే ఉల్లిపాయల మీదికి నెట్టింది. నేనూ సరే ఉల్లిపాయలే అన్నాను.

ఇక్కడ మా షెడ్డు పద్ధతులు రెండు చెప్పాలి. మొదటిది గీతల పద్ధతి. బాగుచేసిన బండి గేటు దాటాక రోజుకో గీత చొప్పున గోడ మీద సుద్దముక్కతో గీస్తారు. ఏడు గీతలు పడితే పని అయినట్టు. ఏడు లోపల బండి అదే జబ్బుతో వెనక్కొస్తే పని కానట్టే, గీతలు చెరిపేస్తారు. మా ఆయనకి పని నేర్పిన ముసలాయన పెట్టిన పద్ధతి అది.

రెండోది గుడ్డల పద్ధతి, అది నాది. షెడ్డులో చేతులు తుడుచుకోవడానికి గుడ్డలు కావాలి కదా. ఇదివరకు ఎవరి గుడ్డ ఎక్కడుందో తెలిసేది కాదు, నా తువ్వాళ్ళు కూడా మాయమైపోయేవి. కోడలు కూడా పనిలోకి దిగాక నేను గట్టిగా ఒక ఏర్పాటు చేశాను. మా ఆయన పాత నీలం గళ్ళ చొక్కాలు చింపి ఆయనకి ఎనిమిది గుడ్డలు. వంటింటి పాత పసుపు కర్టెన్ చింపి కోడలికి ఎనిమిది గుడ్డలు. పొద్దున ఎనిమిదేసి ఇస్తాను. సాయంత్రం బకెట్ పట్టుకుని వెళ్ళి ఎనిమిదేసి లెక్కపెట్టుకుని తెచ్చి నానబెడతాను. ఒకటి తగ్గితే ఊరుకోను. మా ఆయనకి ఇది పిచ్చి కింద కనపడుతుంది.

సరే, విషయానికి వస్తాను. లెక్కల టీచరమ్మ అని ఒకావిడ ఉంది, రిటైరయ్యి నాలుగేళ్ళయింది. ఆవిడ ఆకుపచ్చ కారు మా దగ్గరికే వస్తుంది. ఆ కారుకి నీళ్ళ పంపు కారుతోంది. ఇంజన్ వేడెక్కకుండా నీళ్ళని తిప్పే పంపు అది. కోడలు ఆ రోజు మామగారి ముందు నిలబడి, ఈ బండి నాకొదిలెయ్యండి, చివరిదాకా మీరు చెయ్యి వెయ్యకండి అని అడిగింది. ఆయన గడ్డం గోక్కుని చాలాసేపు ఆలోచించి ఒక షరతు పెట్టాడు. ఏడు గీతలు పడితే ఈ షెడ్డులో ఇంజన్ పనంతా నీది, నేను అడగకుండా వేలు పెట్టను. పడకపోతే ఇంకో ఏడాది ఆయిలు, పంక్చర్లే, మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు. అది సరేనంది. చెయ్యి వెయ్యనని నాకు మాటివ్వండి అని అడిగింది. ఆయన ఇచ్చాడు. సాక్షిని నేనే.

ఆ రాత్రి గిన్నెలు తుడుస్తూ, ఇంకో ఏడాది పంక్చర్లంటే నా చేతులు తుప్పు పడతాయి అత్తయ్యా అంది. నవ్వుతూనే అంది.

మర్నాడు పొద్దున్నే మొదలెట్టింది. పాత పంపు తీసింది, కొత్తది వేసింది, మెత్తబడ్డ రబ్బరు పైపులు రెండూ మార్చింది. మా ఆయన ఆ పక్కన వేరే బండి బ్రేకులు చూస్తూ, అటు చూడకుండా ఉండటానికి పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. మెడ తిరిగిపోయేది, మళ్ళీ వెనక్కి తిప్పుకునేవాడు. మధ్యాహ్నం రెండయినా అది భోజనానికి రాలేదు. పైపులు బిగించేశాను, ఇక నీళ్ళు పొయ్యడమే అత్తయ్యా అంది. ఆ నీళ్ళు పారిపోవు గానీ ముందు వచ్చి తిను అని నేను మూడుసార్లు కేకేసి లోపలికి లాక్కొచ్చాను. పావుగంటలో తినేసి వెళ్ళి, రేడియేటర్‌లో కూలెంట్ అనే రంగునీళ్ళు నింపి, బండి స్టార్ట్ చేసింది. వీధులన్నీ మూడు చుట్లు తిప్పింది. వేడి చూపించే ముల్లు సగం దగ్గర కదలకుండా నిలబడింది. టీచరమ్మ వచ్చి బండి తీసుకెళ్ళింది.

ఆ సాయంత్రం గుడ్డలు లెక్కపెడితే పసుపువి ఎనిమిది, నీలంవి ఏడు. ఎనిమిదోది ఏదండీ అని అడిగాను. గాలికి కొట్టుకుపోయి ఉంటుందన్నాడు. షెడ్డులో గాలి ఎక్కడిది, మీ మతిమరుపు కాకపోతే అని ఓ పావుగంట వాయించాను. కొత్తది చింపి ఇవ్వను, ఏడింటితోనే సర్దుకోండని చెప్పేశాను. అన్నమాట ప్రకారం ఇవ్వలేదు కూడా.

అక్కణ్ణించి రోజూ పొద్దున కోడలు లేవగానే గోడ దగ్గరికి వెళ్ళి గీత గీసేది. ఒకటి, రెండు, మూడు. నాలుగో రోజుకి మా అబ్బాయి కూడా బేకరీ నించి రాగానే ముందు గోడ చూసి తర్వాత చేతులు కడుక్కోవడం మొదలెట్టాడు. అయిదు. మా ఆయన పైకి నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడు గానీ, అయిదో గీత దగ్గర నిలబడి వేలితో దాన్ని తడిమి చూడటం నేను చూశాను. ఆయనకీ ఆశగానే ఉంది. ఆరో గీత కూడా పడింది. నేను అప్పుడే మా అబ్బాయికి చెప్పేశాను, రేపు బేకరీ నించి పెద్ద కేకు తీసుకురమ్మని.

ఆ ఆరో రోజు మధ్యాహ్నం మూడున్నరకి, పక్కవీధి పాల వ్యాను మా గేటు ముందు ఆగింది. దాని వెనక తాడు. తాడు వెనక ఆకుపచ్చ కారు. స్టీరింగ్ దగ్గర టీచరమ్మ, మొహం గంటు పెట్టుకుని.

కోడలు చేతిలో ఉన్నది కింద పెట్టేసి గేటు దగ్గరికి వచ్చింది. టీచరమ్మ దిగి, హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న నోటుబుక్కు తీసి చదివింది. అయిదు రోజులు ఊళ్ళో తిరిగిందట, ముల్లు సగం దగ్గరే ఉందట. ఇవాళ మొదటిసారి గుట్ట మీద కాలనీలో ఉన్న చెల్లెలింటికి బయల్దేరిందట. రెండూ నలభైకి ముల్లు సగం దాటింది, రెండూ నలభై నాలుగుకి ఎరుపు దగ్గరికి వచ్చింది, రెండూ నలభై ఆరుకి బానెట్ లోంచి ఆవిరి, ఇంజన్ ఆపేశాను అని అప్పజెప్పింది. అన్నీ రాసి పెట్టుకునే మనిషి.

మా ఆయన బ్రేకుల పని వదిలేసి వచ్చాడు. సంతోషించాడని చెబితే పాపం తగులుతుంది. బండి వెనక్కొచ్చిందమ్మా అన్నాడు, అంతే, చిన్న గొంతుతో. కోడలు తల పైకెత్తింది.

"ఒక్క రెండు గంటలివ్వండి మావయ్యా. జబ్బేమిటో నేనే కనుక్కుంటా. ఆ తర్వాత గీతలు చెరిపెయ్యండి."

ఆయన సరేనని వెళ్ళి పడుకోబెట్టి ఉన్న టైరు మీద కూర్చున్నాడు. చేతులు రెండూ చంకల్లో ఇరికించుకున్నాడు, ఈసారి అవి ఎక్కడికీ పోకుండా.

టీచరమ్మ రేడియేటర్ మూత తిప్పబోయింది. కోడలు చటుక్కున ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది, వేడి మీద మూత తీస్తే మరిగే నీళ్ళు మొహాన కొడతాయని. జీవితమంతా పిల్లల చేతుల మీద కొట్టిన మనిషి కదా, తన చెయ్యి ఒకరు పట్టుకోవడం ఆవిడకి కొత్త. కోపం వస్తుందేమో అనుకున్నాను. లేదు, బుద్ధిగా వెళ్ళి స్టూలు మీద కూర్చుని నోటుబుక్కులో అది కూడా రాసుకుంది.

ముప్పావుగంట చల్లారనిచ్చింది. మూత తీసి చూస్తే కూలెంట్ కొంచెం తగ్గింది గానీ ఎక్కడా కారిన గుర్తు లేదు. కొత్త పంపు, కొత్త పైపులు పొడిగా ఉన్నాయి. అయితే నీళ్ళు పోసినప్పుడు లోపల గాలి చిక్కుకుని ఉంటుందంది. గాలి అడ్డుపడితే నీళ్ళు తిరగవట. బండి ముక్కు పైకెత్తి, గాలి వదిలే స్క్రూ వదులు చేసి, పైపు పిసుకుతూ కూర్చుంది. బుడబుడమని కాస్త గాలి వచ్చింది. నేను అప్పుడే అయిపోయిందనుకుని కేకు గురించి ఆలోచించడం మొదలెట్టాను. ఇంజన్ స్టార్ట్ చేసి గట్టిగా రేజ్ చేసింది. ముల్లు మళ్ళీ సగం దాటి, ఆరు నిమిషాల్లో ఎరుపు దగ్గరికి వచ్చింది. గుట్ట ఎక్కేటప్పటి కంటే రెండు నిమిషాలు ఆలస్యం అని టీచరమ్మ చెప్పింది.

ఫ్యాను తిరగడం లేదు. దానికి నేరుగా కరెంటు ఇచ్చి చూసింది, గిర్రున తిరిగింది. ఫ్యాను మంచిదే, దాన్ని తిప్పాల్సిన వేడి రేడియేటర్ దాకా రావట్లేదంది. లోపల హీటర్ పెట్టి చూసింది, వేడిగాలి వచ్చింది. అంటే పంపు నీళ్ళని తోస్తూనే ఉంది. ఇంజన్ ఆపి, రేడియేటర్ లోకి వేడినీళ్ళు తెచ్చే పై పైపు ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది, కాలిపోతోంది. రేడియేటర్ మీద చెయ్యి పెట్టి, నన్ను పిలిచి నా చెయ్యి కూడా పెట్టించింది. చల్లగా ఉంది. ఇంజన్‌కీ దీనికీ మధ్యలో ఎక్కడో దారి మూసుకుపోయింది అత్తయ్యా అంది. ఇంత వివరంగా నాకు ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో మా ఆయన నాకు చెప్పింది, నీకర్థం కాదులే అని.

ఆ దారిలో థర్మోస్టాట్ అని ఓ చిన్న తలుపు ఉంటుందట, నీళ్ళు వేడెక్కితే అదంతటదే తెరుచుకుంటుంది. అది ఇరుక్కుందేమో చూడాలంది. కూలెంట్ టబ్బులోకి దింపి, దాన్ని విప్పి తీసుకుని నేరుగా నా వంటింట్లోకి వచ్చింది. చేతికి దొరికిన గిన్నెలో నీళ్ళు పోసి, అందులో పడేసి పొయ్యి మీద పెట్టింది. అది నా పాలగిన్నె. ఇంకో రోజైతే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. ఆ రోజు పొయ్యి మంట పెద్దది చేశాను. నేను, టీచరమ్మ, కోడలు ముగ్గురం తలలు వంచి గిన్నెలోకి చూస్తున్నాం. నీళ్ళు కాగగానే ఆ చిన్న తలుపు మెల్లగా తెరుచుకుంది. మంచిదే. అనుమానించడానికి ఇక మిగిలింది కోడలు బిగించిన పైపు, రేడియేటరే.

తిరిగి వెళ్ళి తలుపుని దాని చోట పెట్టింది. పై పైపు ఇంజన్ వైపు కొస ఊడదీసే ఉంది. అందులోకి మొక్కలకి నీళ్ళు పట్టే గొట్టం దూర్చి కుళాయి తిప్పమంది. తిప్పాను. నీళ్ళు రేడియేటర్‌లోకి పోవడానికి బదులు అంతే వేగంతో వెనక్కి తన్ని దాని మొహం నిండా కొట్టాయి. జుట్టంతా తడిసిపోయింది. అయినా తుడుచుకోలేదు. పైపు రెండో కొస, రేడియేటర్ మూతి దగ్గరి క్లిప్పు వైపు వంగింది. స్క్రూడ్రైవరు పెట్టబోయి ఒక్క క్షణం ఆగింది. ఆ క్లిప్పు వంక అదోలా చూసింది. తర్వాత విప్పి, పైపు లాగి, ముక్కుపట్టకారు లోపలికి పెట్టి ఏదో పీకింది.

పీకిన దాన్ని చూసి చటుక్కున పిడికిట్లో మూసేసింది.

లేచి నిలబడి టీచరమ్మ వైపు తిరిగి, లోపల చెత్త అడ్డుపడిందండీ, నేనే చూసుకోలేదు, తప్పు నాదే అని చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. నేను దాని పక్కనే ఉన్నాను. పిడికిలి సందులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ సందులో ఓ గుడ్డ కొస, వేలెడంత. నీలం గళ్ళు.

నాకు కళ్ళ ముందు సినిమా రీలులా తిరిగింది. గాలికి పోయిన ఎనిమిదో గుడ్డ. నేను భోజనానికి కేకేసి లాక్కొచ్చిన పావుగంట. పైపు ఊడదీస్తే దుమ్ము పడకుండా మూతిలో గుడ్డ కుక్కడం ఎవరికలవాటో నాకు తెలియదూ? నోరు తెరిచాను. కోడలు నా వంక చూసింది. వద్దు అత్తయ్యా అని ఆ చూపు. నేను నోరు మూసుకున్నాను. నా జన్మలో అదే మొదలు.

మా ఆయన టైరు మీద నించే ఏం చెత్త అని అడిగాడు. ఏదో గుడ్డపీలిక మావయ్యా అంది. అంతే, ఆయన లేచాడు. పాఠం మొదలెట్టాడు. గుడ్డ పెట్టినవాళ్ళకి తియ్యాలని గుర్తుండాలి, పైపు తొడిగేముందు వేలు పెట్టి చూసుకోవాలి, ఇంజన్ పనంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యాలి, అందుకే కదా ఇన్నాళ్ళూ తొందరపడొద్దన్నది అని. గుడ్డ కుక్కిన సంగతి నిజంగానే ఆయనకి గుర్తు లేదు, చూస్తే తెలుస్తోంది. అది తల వంచుకుని ఊఁ కొడుతోంది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. నాకు నాలుక దురద పుట్టి పళ్ళ మధ్య కరిచి పట్టుకున్నాను. ఆయన పాఠం ముగించి, బరువుగా నడుచుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళి, డస్టరు తీసుకుని గీతలు చెరపడం మొదలెట్టాడు. ఒకటి. రెండు.

మాట్లాడొద్దందే గానీ కదలొద్దనలేదు కదా. నేను లోపలికి వెళ్ళి బకెట్ తెచ్చాను. ఎలాగూ గుడ్డలు పోగుచేసే వేళయింది. రోజూ బకెట్లో పడేసేదాన్ని ఆ రోజు షెడ్డు మధ్యలో ఉన్న బల్ల మీద పరిచాను. పసుపువి ఒక వరస. దాని కింద నీలంవి ఒక వరస. ఒక్కోదాన్నీ చేత్తో సాపు చేసి మరీ పరిచాను. చివర ఒక గుడ్డ పట్టేంత జాగా ఖాళీగా వదిలాను. పెదవి విప్పితే ఒట్టు.

లెక్కల టీచరమ్మకి వరసలు కనపడితే ఊరుకోగలదా. అలవాటు కొద్దీ వేలు చూపిస్తూ పైకే లెక్కపెట్టింది. పసుపు ఎనిమిది. నీలం ఏడు. ఇక్కడొకటి తగ్గిందే అని అడిగింది.

మా ఆయన చెయ్యి మూడో గీత మీద ఆగిపోయింది. వెనక్కి తిరిగాడు. బల్ల వంక చూశాడు. నా వంక చూశాడు. నేను పైకప్పు వంక చూశాను. తర్వాత ఆయన చూపు కోడలి పిడికిలి మీదికి వెళ్ళింది. మొహం రంగు మారడం నేనున్న చోటి నించే కనపడింది. డస్టరు కింద పెట్టి వచ్చాడు.

"చెయ్యి తెరువమ్మా."

"ఎందుకు మావయ్యా, చెత్తే కదా. పారేస్తాను."

"తెరువు."

తెరిచింది. తడిసి ముద్దయిన నీలం గళ్ళ గుడ్డ. దాన్ని తీసుకుని విప్పి చూసి, ఖాళీగా ఉన్న ఎనిమిదో చోట పరిచాడు. అక్కడితో ఆగిపోయి ఉంటే నేను అప్పుడు నోరు విప్పేదాన్నే. ఆగలేదు. టీచరమ్మ వైపు తిరిగి నిలబడ్డాడు.

"టీచరమ్మగారూ, ఈ గుడ్డ నాది. మీ బండి మీద చెయ్యి వెయ్యనని ఈ అమ్మాయికి మాటిచ్చాను. తను తినడానికి లోపలికి వెళ్తే చెయ్యి ఊరుకోక పైపు పీకి చూశాను. తప్పేమన్నా దొరుకుతుందేమోనని వెతికాను. ఏమీ దొరకలేదు. చెప్పుల చప్పుడు వినపడితే కంగారులో పైపు తొడిగేశాను. గుడ్డ అందులోనే ఉండిపోయింది. ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ వదులుగా ఉండి, గుట్ట ఎక్కేసరికి నీళ్ళ తోపుకి బిగుసుకుపోయి ఉంటుంది."

ఆయన కోడలి వైపు తిరిగాడు. నాదని తెలిసే నీ మీద వేసుకున్నావా అని అడిగాడు. అది బల్ల మీది గుడ్డల వంక చూస్తూ చెప్పింది.

"క్లిప్పు చూడగానే తెలిసింది మావయ్యా. నేను స్క్రూ పైకి పెట్టి బిగిస్తాను. అది ఎడమకి తిరిగి ఉంది, మీరు బిగించే తీరు. పదిమందిలో మీది తప్పని చెప్పడం కంటే ఏడాది పంక్చర్లు వేసుకోవడమే నాకు తేలిక."

"నాకు తేలిక కాదమ్మా," అన్నాడు. "నువ్వు చెయ్యని తప్పుకి ఇందాక అంతసేపు క్లాసు పీకాను. నిలబడి విన్నావు."

ఆయన కళ్ళు తుడుచుకోవడానికి బల్ల మీద ఒక గుడ్డ అందుకున్నాడు. మురికివి, వద్దు అని చెప్పబోయి, ఇంకా మౌనంలోనే ఉన్నానని గుర్తొచ్చి ఆగిపోయాను. నుదుటి మీద నల్లటి చార పడింది. టీచరమ్మకి నవ్వాగలేదు. ఆవిడ నవ్వితే కోడలు నవ్వింది, అది నవ్వితే ఆయన నవ్వాడు. అప్పుడు నాకు మాట వచ్చింది. గాలికి కొట్టుకుపోయిందా గుడ్డ అని మొదలుపెట్టి, ఆ పావుగంట బాకీ అంతా తీర్చుకున్నాను.

టీచరమ్మ హ్యాండ్‌బ్యాగు తెరిచింది. రిటైరయ్యి నాలుగేళ్ళయినా అందులో ఇంకా సుద్దముక్క ఉంది. గోడ దగ్గరికి వెళ్ళి, చెరిపిన గీతలు మళ్ళీ గీసింది, మా కోడలు గీసిన వాటి కంటే నిటారుగా. ఇక మూతి దగ్గర గుడ్డ లేదు కాబట్టి, కోడలు లోపల వేలితో తడిమి చూసి, పైపు తొడిగి, స్క్రూ పైకి పెట్టి బిగించింది. కూలెంట్ పోసి గాలి వదిలింది. మేం నలుగురం ఆ చిన్న కారులో ఎక్కి గుట్ట మీదికి వెళ్ళాం. నడిపింది కోడలు. పక్క సీట్లో టీచరమ్మ నోటుబుక్కు, పెన్ను. వెనక మేమిద్దరం. మూడు మలుపులు ఎక్కినా ముల్లు సగం దగ్గరే ఉంది. ఫ్యాను తిరిగిన చప్పుడు వినపడగానే మా ఆయన అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని చెవి రిక్కించాడు. కళ్ళు తెరిచి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే బండి బాగున్నట్టు.

మర్నాడు పొద్దున ఏడో గీత పడింది. మా అబ్బాయి కేకు తెచ్చాడు, దాని మీద క్రీముతో కారు బొమ్మ వేసుకొచ్చాడు, అది చూడటానికి చెప్పులా ఉంది. కేకు కోస్తుంటే మా ఆయన లేచి ఒక మాట చెప్పాడు. ఎవరి వల్ల వచ్చినా బండి వెనక్కొచ్చింది, షరతు షరతే, ఏడాది ఆయిలు, పంక్చర్లు ఎవరో ఒకరు చెయ్యాలి, అవి నావి అన్నాడు. వద్దు మావయ్యా అని అది ఎంత మొత్తుకున్నా వినలేదు. పంక్చరు చూసే నీళ్ళ తొట్టి తీసుకెళ్ళి గేటు పక్కన పెట్టుకున్నాడు.

రెండు రోజులు పోయాక, పోయిన నెలలో కోడల్ని చూసి బండి తీసుకుని వెళ్ళిపోయినాయన ఉన్నాడే, ఆయనే వచ్చాడు. ఇంజన్‌లో ఏదో చప్పుడట. గేటు పక్కన ట్యూబు నీళ్ళలో ముంచుతున్న మా ఆయన్ని చూసి, మీరే కదండీ పెద్ద మెకానిక్, కాస్త చూడండి అని అడిగాడు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను, చెవులు నిక్కబొడుచుకుని.

"నేను పంక్చర్లు చూస్తానండీ," అన్నాడు మా ఆయన, తల ఎత్తకుండానే. "ఇంజన్ పనైతే పెద్ద మెకానిక్ లోపలుంది. అమ్మాయ్, బండొచ్చింది చూడమ్మా."

అది పసుపు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. మా ఆయన పొడుగాటి స్క్రూడ్రైవరు దాని చేతిలో ఉంది. ఎప్పుడిచ్చాడో నాకు కూడా చెప్పలేదు. అది ఆ కొస ఇంజన్ మీద, ఈ కొస చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆ పెద్దమనిషి చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు.

నాకు ఏడుపొచ్చేసింది. వంటింట్లోకి వెళ్ళి బకెట్లోంచి చేతికందిన గుడ్డ తీసుకుని కళ్ళు తుడుచుకున్నాను. ఏ రంగుదో చూసుకోలేదు. మొహమంతా గ్రీజు అయింది. మా అబ్బాయి నన్ను చూసి తుమ్మడం మొదలెట్టాడు.